ఎవరు ఏ గదిలో పడుకుంటారు

1 సెప్టెంబరు 2024, ఆదివారం రాత్రి

కరెంటు లేదు. టార్చి వెలుగులో రాస్తున్నాను కాబట్టి పొడిపొడిగానే రాస్తాను.

నిన్నంతా కురిసిన వానకి వీధిలో మోకాటి లోతు నిలవడం మా పేట సింగ్ నగర్‌కి కొత్తేమీ కాదు. ఇవాళ పొద్దున్న వచ్చినవి మాత్రం వాన నీళ్ళు కావు. వాన నీళ్ళు నిలబడి ఉంటాయి, ఇవి నడిచి వచ్చాయి. మురుగు కాలవలోంచి వెనక్కి తన్నుకుంటూ, బురద రంగులో, గుర్రపుడెక్కతో సహా వచ్చాయి. "బుడమేరు తెగిందంట, బుడమేరు తెగిందంట" అని ఎవరో అరుచుకుంటూ పోయారు. మా వీధికి అందిన హెచ్చరిక అదే.

ముప్పై ఏళ్ళకు పైగా స్తంభాలెక్కిన లైన్‌మన్‌ని. నా చూపు ముందు సెల్లార్లో మీటర్ల బోర్డు మీదికే పోయింది. మెయిన్ దించి, ఫీజులు పీకి జేబులో వేసుకున్నాను. అప్పటికే నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. మోటారు మునిగింది. వాచ్‌మన్ సంసారం ఉండేది ఆ సెల్లార్లోనే, మెట్ల కింద గదిలో. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక ట్రంకు పెట్టె, సగం తడిసిన టీవీ. పైకి వచ్చారు సరే, ఎవరింట్లోకి రమ్మనాలి? కాసేపు మెట్ల మీద అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ కాసేపటిని రాయకుండా వదిలేస్తే ఈ డైరీ ఎందుకు? మూడో అంతస్తు టీచరుగారు తలుపు బార్లా తీసి, "పిల్లల్ని ముందు లోపలికి తీసుకురామ్మా" అన్నాక అందరికీ మాటలొచ్చాయి.

ఎదురు డాబా ఇంట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. కొడుకు హైదరాబాదులో. ముందు గ్రిల్లుకి లోపలి నుంచి తాళం వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. ఆవిడ ఏ గదిలో పడుకుంటారో మా అపార్ట్‌మెంటులో ఒక్కరికీ తెలియదు. ఏళ్ళ తరబడి ఎదురుబొదురు ఉన్నవాళ్ళం. వీధి చివర రేకుల షెడ్డులో మోటార్లు బాగుచేసే కుర్రాడు ఛాతీ లోతు నీళ్ళలో వచ్చాడు. "మామ్మగారు వంటింటి పక్క గదిలో పడుకుంటారు బాబాయ్. పెరటి తలుపు గడియ వదులు, భుజంతో నెడితే వచ్చేస్తుంది" అన్నాడు. కిందటి వేసవిలో ఆవిడ నీళ్ళ మోటారుకి వైండింగు కట్టాడట. మంచం మునిగేలోపల ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకుని తెచ్చాడు.

2 సెప్టెంబరు, సోమవారం

నా డబ్బా ఫోనులో రేడియో వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులట. బ్యారేజీ కట్టాక ఇంత నీరు ఎన్నడూ రాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయని కూడా చెప్పారు. బుడమేరు వాగు మా ఇళ్ళలో ఉంది, దాని వరదని మళ్ళించాల్సిన కృష్ణేమో నిండుకుండ. నీళ్ళు ఇప్పట్లో తియ్యవని ఇంట్లో చెప్పాను. చెప్పకపోయినా బాగుండేది, మా ఆవిడ అప్పటికే బియ్యం డబ్బా కొలుస్తోంది.

మా అపార్ట్‌మెంటుకి ఒక వాట్సాప్ గ్రూపుంది. పండగ శుభాకాంక్షలకీ, మెయింటెనెన్సు బకాయిల తగాదాలకీ బాగా పనికొచ్చేది. నిన్న సాయంత్రానికి సగం ఫోన్లు, ఇవాళ మధ్యాహ్నానికి మిగతా సగం చచ్చిపోయాయి. ఇప్పుడు గ్రూపంటే మెట్లే. ఏం కావాలన్నా, ఏం తెలియాలన్నా అందరం మెట్ల మీదికే వస్తున్నాం. పక్క బిల్డింగుతో మేడల మీద నుంచి కేకలు.

మేడ మీద రేకుల గదిలో బీహారు కుర్రాళ్ళు ఉంటారు, టైల్స్ పని. వాళ్ళు ఉన్నారని తెలుసు గానీ వాళ్ళ గొంతు నేను విన్నది ఇవాళే. వాళ్ళ దగ్గర బియ్యం బస్తా, బంగాళాదుంపలు, నిండు సిలిండరు ఉన్నాయి. పొద్దున్నే పెద్ద గిన్నెతో కిచిడీ మెట్ల మీదికి దింపారు. మొదటి అంతస్తు పెద్దాయన తనకి వద్దన్నారు. మధ్యాహ్నానికి గిన్నె పంపి తెప్పించుకున్నారు. ఆకలి రుచెరగదంటారు, ఇంకొన్నిటిని కూడా ఎరగదు.

టీచరుగారి భర్తకి ఇన్సులిన్. ఫ్రిజ్ లేదు. కుండలో పెట్టి చుట్టూ తడిగుడ్డ కప్పమన్నది ఎవరు? పక్క బిల్డింగులో ఉండే నర్సు. అక్కడ ఒక నర్సు ఉందని చెప్పింది ఎవరు? వాచ్‌మన్ భార్య. ఆమె నాలుగిళ్ళలో పని చేస్తుంది. ఏ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉందో, ఎవరికి ఆయాసమో, ఎవరింటి సిలిండరు ఖాళీగా ఉందో ఆమెకి నోటికొచ్చు. ఈ వీధి గురించి నిజంగా తెలిసినవాళ్ళు నిన్న ఇవాళ ఇద్దరే తేలారు: సెల్లార్లో ఉండే ఆమె, రేకుల షెడ్డులో ఉండే ఆ కుర్రాడు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగుల్లో వాళ్ళిద్దరికీ కుర్చీ లేదు.

4 సెప్టెంబరు, బుధవారం

పడవలు ఫ్లై ఓవరు నుంచి మెయిన్ రోడ్డు దాకా తిరుగుతున్నాయి. సందుల్లోకి రావడం కష్టం. కరెంటు తీగలు, మునిగిన కార్లు, గోడలు అడ్డం. డ్రోన్లు పొట్లాలు వేస్తుంటే పిల్లలకి సంబరంగా ఉంది. ప్రైవేటు పడవవాళ్ళు కొందరు మనిషికింతని అడుగుతున్నారని పక్క మేడ మీద నుంచి కబురు. సొంత తెప్ప కట్టుకుని ఊరికే తిప్పుతున్నవాళ్ళూ ఉన్నారు. రెండు రకాల మనుషులూ ఒకే ఊళ్ళో ఉంటారు, ఇందులో ఆశ్చర్యపోయేదేమీ లేదు.

ఇవాళ ఒక రబ్బరు పడవ మా సందులోకి వచ్చింది. అందులో అబ్బాయి, తమిళ యాసతో, గట్టిగా అడిగాడు: "ఆరుగురికే చోటుంది. ముందు ఎవరు?"

ఎవరూ చెప్పలేకపోయారు. మామ్మగారు ముందన్నారు కొందరు. ఆవిడేమో "నేను టీచరమ్మ ఇంట్లో హాయిగా ఉన్నాను, చంటిపిల్లల్ని తీసుకెళ్ళండి" అన్నారు. గట్టిగా అరవగలిగినవాళ్ళు ముందుకొచ్చారు. పడవ కదిలిపోయాక వాచ్‌మన్ భార్య నా దగ్గరకొచ్చి, రెండో బిల్డింగు వెనక పోర్షన్లో డయాలసిస్ చేయించుకునే ఆయన ఉన్నాడని, వారానికి రెండుసార్లు ఆసుపత్రికి పోవాలని చెప్పింది. మళ్ళీ పడవ వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆయన్ని ఎక్కించాం. వాళ్ళ ఆవిడ ఫోన్ నంబరు కాగితం మీద రాసి అబ్బాయి చేతిలో పెట్టాం.

ఆ పడవ అబ్బాయి తప్పేం లేదు. ఎక్కడి నుంచో మనకోసం వచ్చినవాడికి ఏ ఇంట్లో ఎవరున్నారో ఎలా తెలుస్తుంది? అది చెప్పాల్సింది వీధి.

రేడియోలో ఖమ్మం సంగతి విన్నాను. ఆదివారం మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకున్నారట. సుభాన్ ఖాన్ అని హర్యానా నుంచి వచ్చిన జేసీబీ డ్రైవరు, బండి వేసుకుని వరదలోకి వెళ్ళి అందరినీ తీసుకొచ్చాడట. మా బీహారు కుర్రాళ్ళకి చెప్పాను. వాళ్ళు నవ్వి, రాత్రికి ఉప్మా చెయ్యాలా రోటీలు చెయ్యాలా అని అడిగారు.

7 సెప్టెంబరు, వినాయక చవితి

బుడమేరు గండ్లు పూడ్చేశారని కబురు. సైన్యం కూడా దిగి ఇనప వలల్లో రాళ్ళు నింపి వేస్తే గానీ ఆఖరిది ఆగలేదట. పత్రి లేదు, మట్టి మాత్రం కావలసినంత. టీచరుగారి అమ్మాయి మెట్ల మీద పేరుకున్న బురదతోనే బొమ్మ చేసింది.

పత్రికలు ఇప్పుడు బుడమేరు భూగోళం పాఠం చెబుతున్నాయి. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు. అక్కడి నుంచి వరదని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలవ. ఆ కాలవ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండి పడింది. 2005లో కూడా ఇలాగే మునిగాం. ఆ పాఠం ఊరంతా ఒకసారి చదివి మర్చిపోయింది. కాలవలు, గట్లు, ఆక్రమణలు, ఇవన్నీ ప్రభుత్వం చెయ్యాల్సిన పని, చెయ్యాల్సిందే. నా గొడవ అది కాదు. గట్టు తెగిన గంటకీ మొదటి పడవ వచ్చిన గంటకీ మధ్య ఉన్న కాలం ఎవరిది అన్నదే నా గొడవ.

20 సెప్టెంబరు

పరిహారం ప్రకటించారు. కింది పోర్షనుకి 25,000 రూపాయలు, మొదటి అంతస్తు, ఆ పైన 10,000. అది ఇంట్లో ఉన్నవాళ్ళకా, ఇంటివాళ్ళకా అని వీధి వీధంతా పంచాయితీ. మెట్ల మీద కలిసి కిచిడీ తిన్నవాళ్ళే గుమ్మాల్లో నిలబడి అరుచుకుంటున్నారు. నాకు చాలా బాధేసింది అని రాయబోయి కొట్టేశాను. ఫ్రిజ్జు, మంచం, పిల్లల పుస్తకాలు పోయినవాడికి డబ్బు గురించి అరిచే హక్కుంది.

12 అక్టోబరు 2024, విజయదశమి

హుద్‌హుద్ తుపానుకి ఇవాళ్టికి పదేళ్ళు. 2014 అక్టోబరు 12న విశాఖని తాకింది. రాష్ట్రం నలుమూలల నుంచీ మమ్మల్ని లారీల్లో తోలుకుపోయారు. స్తంభాలు వరసగా పడుకుని ఉన్నాయి. అన్ని లైన్లు ఒకేచోట పడిపోవడం నా సర్వీసులో నేను చూసింది అప్పుడే.

అక్కడ ఒక సంగతి గమనించాను, ఎవరికీ చెప్పలేదు. పక్కపక్కనే రెండు కాలనీలు. రెంటికీ మేమే వెళ్ళాం, అదే మెటీరియల్, అదే గ్యాంగు. ఒక కాలనీలో మేము దిగగానే పదిమంది వచ్చారు. ఏ స్తంభం ఏ ఇంటి వెనక పడిందో, ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడుందో, ఎవరింటికి సొంత జనరేటరుందో (లైను మీద పనిచేసేవాడికి అదే యముడు, వెనక నుంచి కరెంటు తన్నుతుంది) అన్నీ చెప్పారు. తాళ్ళు లాగారు, చెట్లు నరికారు, మజ్జిగ ఇచ్చారు. రెండో కాలనీలో మేడల మీద నుంచి చూసి "మాకెప్పుడిస్తారు?" అని అడిగారు. ఎవరింటి ముందు స్తంభం ముందు లేపాలన్న దాని మీద తగువు పెట్టుకున్నారు. మొదటిదానికి ముందు వెలుగొచ్చింది. పై అధికారుల ఫోన్లు రెండోదానికే ఎక్కువొచ్చాయి, అయినా సరే.

సాయం చెయ్యడానికి బయటివాడొచ్చినప్పుడు దాన్ని అందుకోవడానికి ఒక చెయ్యి ఉండాలి. మొన్న పడవ అబ్బాయి "ముందు ఎవరు?" అన్నప్పుడు మాకు లేనిది ఆ చెయ్యే.

19 నవంబరు 2024

దివిసీమ ఉప్పెన రోజు. 1977లో నాకు పదిహేను నిండలేదు. మా అమ్మమ్మగారి ఊరు అవనిగడ్డ అవతల. పోయినవాళ్ళు పదివేల దాకా అంటారు. లెక్క ఎక్కడికక్కడ తెగిపోయింది. మా పెద్దమామయ్య తాటిచెట్టు పట్టుకుని బతికాడు. ఏడాదికోసారి కూడా ఆ మాట ఎత్తేవాడు కాదు.

అప్పట్లో రేడియో ఉన్న ఇళ్ళు ఊరికి ఒకటో రెండో. ఇప్పుడు తుపాను అండమాను దగ్గర కళ్ళు తెరవగానే టీవీలో గీత గీసి చూపిస్తారు, ఫోను మోగి మెసేజి వస్తుంది. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. ఉప్పెనకి అప్పుడు పోయినన్ని ప్రాణాలు ఇప్పుడు పోవడం లేదంటే ఊరికే కాదు. అయితే బుడమేరుకి అంత వ్యవధి ఉండదు. కొండల్లో కురిస్తే తెల్లారేసరికి గుమ్మంలో ఉంటుంది. అలాంటప్పుడు పనికొచ్చేది గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట. గుడి పూజారిగారినీ, మసీదు కమిటీ భాయ్‌నీ అడిగాను, కరెంటు పోతే మీ మైకు పనిచేస్తుందా అని. ఇద్దరి మైకులూ పనిచెయ్యవు. బ్యాటరీ, చిన్న ఇన్వర్టరు తగిలిస్తే చాలు, ఆ పని నాకొచ్చు. భాయ్ వెంటనే సరేనన్నారు. పూజారిగారు కమిటీని అడగాలన్నారు, కమిటీ ధనుర్మాసం అయ్యాక అంది. చర్చికి గంట చాలు, కరెంటుతో పనిలేదు. అందరికంటే తెలివైన ఏర్పాటు వాళ్ళదే.

17 జనవరి 2025

పెద్దమ్మాయి ఒసాకా నుంచి ఫోను చేసింది. అక్కడ ఇవాళ కోబె భూకంపానికి ముప్పై ఏళ్ళట. 1995 జనవరి 17, తెల్లవారుజామున 5:46. ఆరువేల నాలుగు వందల మందికి పైగా పోయారు. "నాన్నా, శిథిలాల కింద నుంచి బతికి బయటపడ్డవాళ్ళలో ఎక్కువమందిని తీసింది సైన్యమూ కాదు, ఫైరింజన్లూ కాదు, పక్కింటివాళ్ళే" అంది. ఫైరింజన్లు వచ్చే దారుల్లోనే ఇళ్ళు కూలి ఉన్నాయి మరి.

అమ్మాయి చెప్పిన ఇంకో సంగతికి నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు. భూకంపం మొదలైన చోటికి దగ్గరలో అవాజి దీవి మీద హొకుదాన్ అని ఒక ఊరుందట. ఇళ్ళు చాలా కూలాయి, కింద వందల మంది చిక్కుకున్నారు. అదే రోజు సాయంత్రం కాకముందే అందరినీ బయటికి తీసేశారట. కారణం, ఆ ఊళ్ళో ఎవరు ఏ గదిలో పడుకుంటారో ఇరుగుపొరుగుకి తెలుసు. తెల్లారకముందు వచ్చిన భూకంపం కదా, జనం పక్కల మీదే ఉన్నారు. ఊరికే కుప్పంతా తవ్వకుండా, సరిగ్గా ఆ గది ఉన్న చోటే తవ్వారు.

వంటింటి పక్క గది, పెరటి తలుపు గడియ వదులు. మా మెకానిక్ కుర్రాడు జపాను చూడలేదు.

19 జనవరి 2025, ఆదివారం

సంక్రాంతికి ఊళ్ళకి పోయినవాళ్ళంతా తిరిగొచ్చారు కదా అని ఇవాళ వీధి మీటింగు పెట్టాం. టీచరుగారి మాట మీద స్కూలు వరండా ఇచ్చారు. పాతిక ముప్పై మంది వచ్చారు. గంటలో అయిపోతుందనుకున్నది మూడు గంటలు పట్టింది.

నేనడిగింది ఒక కాగితం. ఏ ఇంట్లో నడవలేనివాళ్ళున్నారు, ఎవరికి మందు ఆగకూడదు, ఎవరు ఏ గదిలో పడుకుంటారు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది. అలాగే ఎవరింట్లో నిచ్చెన ఉంది, ట్రాక్టరు ట్యూబు ఉంది, ఎవరికి ఈత వచ్చు, ఎవరికి సూది వెయ్యడం వచ్చు. అంతే.

మొదటి దెబ్బ రెండో బిల్డింగు ఓనరు గారిది. "ఒంటరిగా ఎవరుంటారో రాసిపెట్టడమంటే దొంగ చేతికి చీటీ ఇచ్చినట్టు కాదా?" అన్నారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఇలాంటి కాగితం ఫోటో తీసి గ్రూపులో పెట్టే బుద్ధిమంతులు ప్రతి వీధికీ ఉంటారు. అంతలో మామ్మగారు కుర్చీలోంచే, "దొంగ వస్తాడో రాడో నాయనా, నేను మాత్రం ఏ రోజైనా బాత్రూములో జారిపడొచ్చు. నా పేరు రాసుకో" అన్నారు. వీధి మొత్తానికి ఒకే కాగితం వద్దు, ఐదారిళ్ళకి ఒకటి చాలు, అది ఆ ఐదారిళ్ళలోనే రెండు చోట్ల ఉండాలి, ఫోటోలు తియ్యకూడదు అని తేలింది. మాట దాటితే ఏం చేస్తారన్నారొకరు. ఏం చేస్తాం? మామ్మగారి చేత తిట్టిస్తాం.

రెండోది, అద్దెవాళ్ళు. "వాళ్ళు ఇవాళుంటారు, రేపు పోతారు, వాళ్ళ పేర్లెందుకు?" అన్నారు ఇద్దరు ముగ్గురు. నేను నోరు విప్పేలోపల టీచరుగారు అందుకున్నారు: "వరద రిజిస్ట్రేషన్ కాగితాలు చూసి రాలేదండీ. ఆ రోజు ఎవరుంటే వాళ్ళింటికే వచ్చింది." బీహారు కుర్రాళ్ళు వెనక గోడకానుకుని ఉన్నారు. వాళ్ళకి తెలుగు సగమే వస్తుంది గానీ ఆ మాట పూర్తిగా అర్థమైంది.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. బుడమేరు కట్ట మీద గుడిసెలవాళ్ళు. అందరికంటే ముందు మునిగేది వాళ్ళే. వాళ్ళలో ఒకామె వచ్చి అంతా విని, చివర్లో అంది: "మా పేర్లు మాత్రం రాయొద్దండీ." బుడమేరు ఆక్రమణలు తొలగిస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఏ జాబితాలో పేరెక్కినా అది రేపు ఇల్లు పీకడానికే వస్తుందని వాళ్ళ భయం. కాగితం మీద పేరుంటేనే బియ్యం వస్తుందని కొందరు, పేరుంటే ఇల్లు పోతుందని కొందరు, ఒకే వీధిలో. నేను కలం మూసేశాను. పేర్లు లేకుండా, నడవలేనివాళ్ళు ఎంతమంది, చంటిపిల్లలు ఎంతమంది అని ఆమెనే గుర్తుపెట్టుకోమన్నాం. నీళ్ళొస్తున్నాయంటే ఆమె వచ్చి మా గేటు కొట్టాలి, లేదా మేమెళ్ళి ఆమె తలుపు కొట్టాలి. స్కూలు వరండా తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉంచుదామంటే ఒక్క క్షణం అందరూ గతుక్కుమన్నారు, తర్వాత సరేనన్నారు.

ఇంకో మాట కూడా వచ్చింది. 2019 నుంచి యాభై ఇళ్ళకొక వాలంటీరు ఉండేవారు కదా, అన్నీ వాళ్ళకి తెలుసు కదా అని. నిజమే, మా యాభై ఇళ్ళ అమ్మాయికి అందరి ముసలాళ్ళూ తెలుసు. అది మంచా చెడా అన్నది రాజకీయం, నేను దిగను. ఉద్యోగంతో వచ్చిన ఎరుక ఉద్యోగంతోనే పోయింది, అంత మాత్రం చెప్పగలను. ఆపద మిత్ర అని కేంద్రం వాళ్ళ పథకమొకటి ఉంది, జనంలోంచి వాలంటీర్లని తీసుకుని ఈత, ప్రథమ చికిత్స, మనుషుల్ని బయటికి తీసే పద్ధతులు నేర్పుతారు. మెకానిక్ కుర్రాడి పేరు దానికి ఇవ్వాలని అనుకున్నాం. "శిక్షణ ఎన్ని రోజులు బాబాయ్, షాపు మూసుకోవాలి కదా" అన్నాడు. ఆ రోజుల కూలీ వీధి వేసుకోవాలి. దీనికి మాత్రం ఎవరూ గట్టిగా సరేననలేదు. చూడాలి.

23 మే 2025

ఎండలు. కాగితంతో మొదటి పని వరదకి కాదు, వడదెబ్బకి పడింది. మామ్మగారి పాలపొట్లం పది దాటినా గ్రిల్లుకి వేలాడుతూనే ఉంటే వాచ్‌మన్ భార్య చూసి, రెండో తాళంచెవి టీచరుగారి దగ్గర తెచ్చి తీసింది. ఆవిడ కళ్ళు తిరిగి మంచం పక్కన కూలబడి ఉన్నారు. నర్సు వచ్చింది, 108 వచ్చింది. సాయంత్రానికి ఇంటికొచ్చేశారు. వచ్చాక ఆవిడ చేసిన మొదటి పని, అందరూ చెప్పులతో లోపలికొచ్చారని విసుక్కోవడం.

1 సెప్టెంబరు 2025, సోమవారం

ఏడాదైంది. అమ్మాయి చెప్పింది, జపానులో ప్రతి ఏడాదీ సెప్టెంబరు 1 విపత్తు నివారణ దినమట. 1923లో తోక్యోని పడగొట్టిన కాంతో భూకంపం ఆ రోజున వచ్చింది. చిన్నపిల్లల దగ్గర నుంచి అందరూ ఆ రోజు, విపత్తు వస్తే ఏం చెయ్యాలో అలవాటు కోసం ఒకసారి చేసి చూస్తారు. ఏ తేదీకైతేనేం, మనకీ అదే తేదీ కుదిరింది.

మేమూ నిన్న ఆదివారం చేసి చూశాం. మసీదు మైకు బ్యాటరీ మీద పలికింది. గుడి మైకు కూడా పలికింది, కమిటీ చివరికి ఒప్పుకుంది. సెల్లార్లో మెయిన్ ఎలా దించాలో ప్రతి అంతస్తు నుంచి ఒకరికి చూపించాను. మూడొంతులు ఆడవాళ్ళే నేర్చుకున్నారు. మగవాళ్ళు మ్యాచ్ చూస్తున్నారు. వాచ్‌మన్ కుటుంబాన్ని సెల్లార్లోంచి మేడ మీద గదికి మార్చే సంగతి అసోసియేషన్లో ఇంకా నానుతోంది. బీహారు కుర్రాళ్ళు వెళ్ళిపోయాక ఆ గది ఖాళీగానే ఉంది. నీళ్ళ ట్యాంకుల పక్కన వాళ్ళుంటే అంత బాగుండదని ఒకరి అభ్యంతరం. ఇంతకంటే రాస్తే తిట్టులా ఉంటుంది.

జనం తగ్గారు. జనవరిలో వచ్చినవాళ్ళలో సగం కూడా లేరు. నాకేమీ ఆశ్చర్యం లేదు. లైన్‌మన్‌కి తెలుసు, కరెంటు ఉన్నంతసేపు స్తంభం వైపు ఎవరూ చూడరు.

29 అక్టోబరు 2025, బుధవారం

మోంథా తుపాను నిన్న రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు వానా గాలీ తప్ప ఏమీ రాలేదు. బుడమేరు కట్ట గట్టిగానే ఉంది. రాత్రంతా కొందరం వంతులేసుకుని దాని వైపు చూస్తూ కూర్చున్నాం.

సోమవారం సాయంత్రమే మెకానిక్ కుర్రాడు, వాచ్‌మన్ భార్య కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. మామ్మగారు చెప్పకుండానే మందుల డబ్బా పట్టుకుని టీచరుగారింటికి చేరిపోయారు. కట్ట మీది ఆమె పిల్లలున్నవాళ్ళని వెంటబెట్టుకుని చీకటి పడకముందే స్కూలు వరండాలో దింపింది. తాళం ఆమే తీసింది. వాచ్‌మన్ పిల్లలు మేడ మీద గదిలో పడుకున్నారు. తుపాను అనేసరికి అభ్యంతరం గుర్తురాలేదు. ఈసారి అక్కడే ఉండిపొమ్మని నేను వాచ్‌మన్‌కి చెప్పాను, సామాను దింపొద్దన్నాను.

బాగానే జరిగిందని రాసి మూసెయ్యొచ్చు గానీ కాగితంలో తప్పులు బోలెడు తేలాయి. నర్సు ఆగస్టులోనే గుణదల మారిపోయింది. బీహారు కుర్రాళ్ళు పని మీద హైదరాబాదు వెళ్ళిపోయారు. వాళ్ళ తర్వాత వచ్చి మొదటి బిల్డింగులో కింద పోర్షన్లో దిగినవాళ్ళకి పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రి ఉన్నాడు. అది ఎవరి కాగితంలోనూ లేదు. ఆయన్ని పై అంతస్తుకి మొయ్యడానికి మనుషుల్ని పోగుచేసేసరికి రాత్రి పదకొండు. నీళ్ళు రాలేదు కాబట్టి సరిపోయింది. కాగితం జనవరిది, వీధి అక్టోబరుది.

వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి స్కూలు వరండాలో మళ్ళీ కూర్చుంటున్నాం. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు తప్పకుండా రావాలి, ఇంటి ఓనర్లు కూడా. రాలేనివాళ్ళ ఇంటికి మేమే వస్తాం, తలుపు తియ్యండి.